నలభై ఏడవ వీధి ఇల్లు: మనోవ్యాధి, ఉద్యోగం, చదువు

గుండెపోటు వచ్చిన రోగిని కొన్ని వారాలపాటు మంచం మీదనుంచి కదలనివ్వకుండా ఉంచడం 1940 ప్రాంతాలవరకు వైద్యంలో తిరుగులేని నియమంగా ఉండేది. రోగి తన చేత్తో తాను అన్నం తినడం కూడా గుండెకు శ్రమే అని భావించేవారు. 1952లో అమెరికాలోని బోస్టన్ నగర వైద్యులు శామ్యూల్ లెవైన్, బెర్నార్డ్ లౌన్ అనేవారు అటువంటి రోగులను తొలి రోజులలోనే కుర్చీలో కూర్చోబెట్టి చూశారు. కీడు జరగలేదు సరికదా, మేలే కనిపించింది. ఎందుచేతనంటే, కదలక పడుకున్నవాని కాళ్లలో రక్తం గడ్డకడుతుంది, కండరాలు కృశిస్తాయి, ధైర్యం సన్నగిల్లుతుంది. వీటిలో కొంత భాగం జబ్బువల్ల వచ్చినది కాదు, విశ్రాంతివల్ల వచ్చినదే. ఈనాడు గుండెపోటు రోగిని చాలా సందర్భాలలో ఒకటి రెండు రోజులకే లేపి నడిపిస్తున్నారు.

మనసుకు వచ్చే జబ్బుల విషయంలో కూడా ఇటువంటి మార్పే ఒకటి జరిగింది. అయితే ఇది అంత ప్రసిద్ధికి ఎక్కలేదు. ముందు జబ్బు నయం కావాలి, తర్వాత ఏదైనా శిక్షణ పొందాలి, ఆ తర్వాతనే ఉద్యోగమో చదువో అనే వరుస చాలాకాలం అందరికీ సహజంగా తోచింది. ఆ వరుసను తిరగవేసి చూపినవారిలో మొదట చెప్పవలసినది వైద్యులను కాదు. ఆసుపత్రినుంచి బయటికి వచ్చి, న్యూయార్కు నగరంలో ఎక్కడికి పోవాలో తెలియక ఒకరినొకరు వెతుక్కున్న కొందరు రోగులను.

జీతం లేని పని

మనోరోగులచేత పని చేయించడం అన్నది కొత్త ఆలోచన ఏమీ కాదు. ఇంగ్లండులోని యార్కు పట్టణంలో విలియం ట్యూక్ అనే క్వేకరు మతస్థుడు నెలకొల్పిన ఆశ్రమం 1796లో తెరిచారు. అక్కడ గొలుసులకు, దెబ్బలకు బదులు తోటపని, కుట్టుపని, మర్యాదగల మాట ఉండేవి. జర్మనీలోని గూటర్స్లో పట్టణంలో హెర్మన్ సైమన్ అనే వైద్యుడు 1920 దశకంలో, పని లేకుండా కూర్చోబెట్టడమే రోగిని మరింత దిగజారుస్తున్నదని వాదించి, తన ఆసుపత్రిలో ప్రతి రోగికీ శక్తికొద్దీ ఏదో ఒక పని అప్పగించాడు. ఇంతవరకు బాగానే ఉన్నది.

కాని అమెరికాలోని పెద్ద పెద్ద ప్రభుత్వ మానసిక వైద్యశాలలలో ఈ ఆలోచన మరొక రూపం దాల్చింది. వేలకొద్దీ రోగులున్న ఆ వైద్యశాలలకు సొంత పొలాలు, పశువుల కొట్టాలు, చాకలి శాలలు, వంటశాలలు ఉండేవి. వాటిని నడిపినది చాలావరకు రోగులే. ఇరవై ఏళ్లు రోజూ దుప్పట్లు ఉతికిన మనిషి జబ్బులోనే ఉన్నాడని రిజిస్టరులో వ్రాసి ఉండేది. అతడు అంత బాగా పనిచేయగలిగినప్పుడు బయట ఎందుకు చేయలేడు అని అడిగేవారు తక్కువ. మంచి పనివానిని వదులుకోవడం వైద్యశాలకు నష్టం మరి! 1973లో అమెరికా ఫెడరల్ న్యాయస్థానం ఒకటి, సౌడర్ దావా అనే వ్యాజ్యంలో, ఇట్లా పనిచేసే రోగులకు కూడా కార్మికులకు వర్తించే కనీస వేతన చట్టం వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. వేతనం ఇవ్వవలసివచ్చేసరికి చాలా వైద్యశాలలు రోగులకు పని చెప్పడమే మానుకున్నాయి. అంటే మొదట జీతం లేని పని. తర్వాత జీతమూ లేదు, పనీ లేదు.

ఇక్కడ విద్యార్థులు ఒక సంగతి గమనించాలి. పని మంచిదా కాదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఆ పని ఎవరికోసం, దానికి కూలి ఉన్నదా, ఆ పని మనిషిని గేటు దాటించి బయటికి తీసుకుపోతున్నదా లేక లోపలే కట్టివేస్తున్నదా అన్నవి అసలు ప్రశ్నలు.

"మేము ఒంటరివాళ్లం కాము"

న్యూయార్కు నగరానికి ఉత్తరంగా, ఆరెంజ్‌బర్గు అనే చోట రాక్లాండ్ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉండేది. 1940 దశకం తొలి సంవత్సరాలలో అక్కడి రోగులు కొందరు తమలో తాము ఒక చిన్న బృందంగా కూడి మాట్లాడుకునేవారు. వైద్యశాలనుంచి విడుదలైన తర్వాత కూడా నగరంలో కలుసుకోవాలని నిశ్చయించుకున్నారు. తమ సంఘానికి వారు పెట్టుకున్న పేరుకు తెలుగులో "మేము ఒంటరివాళ్లం కాము" అని అర్థం. ఆ ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి "వానా" అని పిలుచుకున్నారు. నగర గ్రంథాలయపు మెట్లమీద కలుసుకునేవారని ఆ సంస్థలో ఈనాటికీ చెప్పుకుంటారు. కూర్చోవడానికి అద్దె అడగని చోటు అదే కదా.

వారి అవస్థ ఎటువంటిదో ఊహించడం కష్టం కాదు. స్కిజోఫ్రేనియా అనే జబ్బు వారిలో చాలామందికి ఉండేది. దీనిని "మనసు రెండుగా చీలిపోవడం" అని వాడుకలో అనుకోవడం పొరపాటు. ఎవరూ పలకని మాటలు వినిపించడం, లేని శత్రువులు ఉన్నారని నమ్మడం, ఆలోచన వరుస తప్పడం, క్రమంగా ఉత్సాహం ఇంకిపోవడం దీని లక్షణాలు. ఈ లక్షణాలు తగ్గి ఇంటికి వచ్చిన మనిషికి జబ్బుకంటె పెద్ద చిక్కు ఒకటి ఎదురవుతుంది. "గడచిన ఐదేళ్లు ఏం చేశావు?" అని ఉద్యోగం ఇచ్చేవాడు అడిగితే చెప్పడానికి జవాబు ఉండదు.

ఎలిజబెత్ షర్మర్‌హార్న్ అనే వదాన్యురాలు, మరికొందరు వీరికి అండగా నిలిచారు. 1948లో మన్‌హటన్ పడమటి భాగంలో, 47వ వీధిలో వీరికోసం ఒక ఇల్లు కొన్నారు. ఆ ఇంటి వెనుక పెరటిలో ఒక చిన్న నీటి ఫౌంటెన్ ఉండేది. అందుచేత దానికి "ఫౌంటెన్ హౌస్" అని పేరు వచ్చింది. వైద్యశాల పేరు కాకుండా, జబ్బు పేరు కాకుండా, ఒక ఇంటి పేరు పెట్టుకోవడంలో ఎంత తెలివి ఉన్నదో మనం గ్రహించవచ్చు. ఆ పేరు వ్రాసిన ఉత్తరం వస్తే పోస్టుమానుకు కూడా లోపలివాళ్లు ఎవరో తెలియదు.

మొదటి ఏడేళ్లు అది సాయంకాలాలు గడిపే క్లబ్బు మాత్రమే. దయగల ఇంటివారు అతిథులకు చేసినట్లు స్వచ్ఛంద సేవకులు సభ్యులకు అన్నీ అమర్చిపెట్టేవారు. సభ్యులు వచ్చి కూర్చొని వెళ్లేవారు. ఆ పద్ధతి అట్లాగే సాగి ఉంటే ఫౌంటెన్ హౌస్ గురించి ఈనాడు వ్యాసం వ్రాయవలసిన అవసరం ఉండేది కాదనుకుంటాను.

జాన్ బియర్డ్ చేసిన మార్పు

1955లో జాన్ బియర్డ్ అనే యువకుడు ఈ సంస్థకు సంచాలకుడుగా వచ్చాడు. ఆయన వైద్యుడు కాడు. సమాజసేవ శాస్త్రంలో పట్టభద్రుడు. అంతకుముందు మిచిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ నగర సమీపాన ఉన్న వేన్ కౌంటీ వైద్యశాలలో దీర్ఘకాలపు స్కిజోఫ్రేనియా రోగులతో పనిచేశాడు. రోగులను బృందాలుగా చేర్చి, ఏదో ఒక పనిలో పెట్టి, వారిలో చెడిపోయిన భాగాన్ని గురించి చర్చించడం మాని, చెడకుండా మిగిలిన భాగాన్ని పట్టుకొని పైకి లాగడం ఆయన అక్కడ నేర్చుకున్న పద్ధతి.

కాలం కూడా కలిసివచ్చింది. 1952లో ఫ్రాన్సులో క్లోర్‌ప్రోమజీన్ అనే మందు మనోవ్యాధులలో పనిచేస్తుందని తెలిసింది. 1954లో అది అమెరికా విపణిలోకి వచ్చింది. 1955లో అమెరికా ప్రభుత్వ మానసిక వైద్యశాలలలో సుమారు 5 లక్షల 59 వేలమంది రోగులుండేవారు. అదే గరిష్ఠ సంఖ్య. తర్వాత అది తగ్గుతూ వచ్చింది. మందు వినిపించే గొంతులను తగ్గించగలదు. కాని పొద్దున్నే ఎందుకు లేవాలి అన్న ప్రశ్నకు ఏ మాత్రలోనూ సమాధానం లేదు. వైద్యశాలనుంచి బయటికి వచ్చినవారిలో ఎందరో అద్దె గదులలో, టెలివిజను ముందు, గోడల ముందు కూర్చుండిపోయారు.

బియర్డ్ వచ్చిన తర్వాత ఆ ఇంటి పనులు సభ్యుల చేతికి వచ్చాయి. గదులు ఊడవడం, మధ్యాహ్న భోజనం వండడం, టెలిఫోను ఎత్తడం, హాజరు లెక్కలు వేయడం, రోజువారీ వార్తాపత్రిక అచ్చువేయడం, కొత్తగా వచ్చినవారికి ఇల్లు చూపించడం మొదలైనవన్నీ సభ్యులు, సిబ్బంది పక్కపక్కన నిలబడి చేసేవారు. సిబ్బంది సంఖ్యను బుద్ధిపూర్వకంగానే తక్కువగా ఉంచారు. ఇది పొదుపుకోసం చేసిన పని అనుకోరాదు. పదిమంది వంటవాళ్లుంటే పదకొండవ మనిషి రాకపోయినా తెలియదు. ఇద్దరే ఉంటే మూడవ మనిషి రానినాడు అన్నం ఆలస్యమవుతుంది, అప్పుడు ఎవరో ఒకరు ఫోను చేసి "ఇవాళ రాలేదేమి? కూరలు తరిగేవాళ్లు లేరు" అని అడుగుతారు. ఆసుపత్రిలో "నీకు ఏం కావాలి?" అని అడిగించుకోవడమే అలవాటైన మనిషికి "నువ్వు మాకు కావాలి" అన్న మాట వినిపించడం ఎంత తేడా!

సోమవారంనుంచి శుక్రవారంవరకు, మామూలు కార్యాలయపు వేళలలో ఈ పని జరుగుతుంది. సాయంకాలాలు, సెలవురోజులు వినోదానికి. లోకంలో మిగిలిన జనం ఎట్లా బతుకుతారో అదే వరుస. ఈ పనికి జీతం లేదు. అది ఉద్యోగమని ఎవరూ చెప్పరు. పాఠకులకు ఇక్కడ సందేహం రావచ్చు: జీతం లేని చాకలి శాలకూ దీనికీ భేదమేమిటి? భేదం ఉన్నది. ఇక్కడికి రావడం, మానడం సభ్యుని ఇష్టం. సభ్యత్వానికి గడువు లేదు; ఏడాది రాకుండా ఉండి తిరిగి వచ్చినా చోటు ఉంటుంది. సిబ్బందికి వేరే గదులు, సభ్యులకు వేరే గదులు అనే విభజన లేదు. అన్నిటినీ మించి, ఈ ఇంటినుంచి జీతమున్న ఉద్యోగానికి ఒక తలుపు తెరిచి ఉంటుంది. ఆ తలుపే బియర్డ్ చేసిన అసలైన ఆవిష్కరణ.

ఒక ఉద్యోగం, నలుగురు మనుషులు

1950 దశకం చివర ఫౌంటెన్ హౌస్ ఒక పద్ధతి ప్రారంభించింది. దీనిని తెలుగులో మధ్యంతర ఉద్యోగం అనవచ్చు. ఇది ఎట్లా నడుస్తుందో కొంచెం వివరంగా చూద్దాం.

క్లబ్బువారు ఒక కంపెనీని కలిసి, అక్కడ కొత్తగా చేరేవాడు చేసే చిన్న ఉద్యోగం ఒకటి అడుగుతారు. ఉత్తరాలు వేరుచేసి బల్లలకు పంచడం, కాగితాలు వరుసగా అమర్చడం, కబురు తీసుకుపోవడం, దుకాణంలో సరుకు సర్దడం వంటివి. ముందు క్లబ్బు సిబ్బందిలో ఒకరు స్వయంగా వెళ్లి ఆ పని నేర్చుకుంటారు. తర్వాత సభ్యుణ్ణి వెంట తీసుకుపోయి, పక్కన నిలబడి నేర్పుతారు. సభ్యునికి ఇంటర్వ్యూ ఉండదు. కంపెనీ అతనికి ఇచ్చే వేతనం ఆ పనికి ఇతరులకు ఇచ్చే వేతనమే. జాలి వేతనం కాదు. జీతం నేరుగా అతని చేతికే వస్తుంది. అతడు ఒకనాడు రాలేకపోతే క్లబ్బునుంచి మరొకరు వెళ్లి ఆ పని పూర్తిచేస్తారు. కాబట్టి యజమానికి కుర్చీ ఖాళీగా ఉండదన్న హామీ ఉన్నది. నిజం చెప్పాలంటే, మామూలు ఉద్యోగివల్ల ఏ యజమానికీ ఇంత హామీ దొరకదు.

ఉద్యోగం సాధారణంగా సగం పూట, వారానికి 15 నుంచి 20 గంటలు. ఒక్కొక్కరికి ఆరునెలలనుంచి తొమ్మిది నెలలు. చిన్న లెక్క వేసి చూడండి. ఒక పూర్తికాలపు ఉద్యోగాన్ని రెండు సగాలుగా చేస్తే ఇద్దరికి. ఆరునెలలకు ఒకసారి మారితే సంవత్సరంలో నలుగురికి. ఒకే కుర్చీ పదేళ్లలో నలభైమందికి అనుభవపత్రం ఇస్తుంది. "గడచిన ఐదేళ్లు ఏం చేశావు?" అన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు ఉన్నది.

ఇందులో నన్ను ఎక్కువగా ఆకర్షించినది ఓటమిని గురించిన వారి వైఖరి. ఉద్యోగంలో నిలవలేక మూడవ వారమే తిరిగి వచ్చిన సభ్యునికి మళ్లీ అవకాశం ఇస్తారు. మూడవసారి కూడా, నాలుగవసారి కూడా. మొదటి ఉద్యోగం వదలిపెట్టినవాళ్లు మామూలు మనుషులలో ఎందరు లేరు? మనం వదిలితే "అక్కడ నచ్చలేదు" అంటారు. వాళ్లు వదిలితే "జబ్బు తిరగబెట్టింది" అంటారు. పనిచేయాలన్న కోరిక ఉన్నదా లేదా అన్నది ఒక్కటే క్లబ్బు అడిగే అర్హత.

ఇది కేవలం దయాగుణమా, శాస్త్రసమ్మతమా? 1984లో విలియం ఆంథొనీ అనే మనశ్శాస్త్రజ్ఞుడు, మరొకరితో కలిసి, అంతవరకు వచ్చిన పరిశోధనలన్నీ పరిశీలించి ఒక వ్యాసం ప్రకటించాడు. రోగనిర్ణయాన్ని బట్టిగాని, లక్షణాల తీవ్రతను బట్టిగాని ఎవరు ఉద్యోగంలో నిలుస్తారో ముందుగా చెప్పడం సాధ్యం కావడం లేదని ఆయన తేల్చాడు. వైద్యశాల వాతావరణంలో మనిషి ఎట్లా ఉంటాడన్న దానిని చూసి పనిచోట ఎట్లా ఉంటాడో చెప్పడం కూడా కుదరలేదు. కొంతవరకు పనికివచ్చే సూచిక, పూర్వం ఉద్యోగం చేసిన అనుభవం. అటువంటప్పుడు, ఆ అనుభవాన్ని ముందుగా కల్పించడమే తర్కానికి నిలిచే మార్గం. బియర్డ్ దీనిని పాతికేళ్లకు పైగా ముందే ఆచరణలో పెట్టాడు.

ఆరునెలల తర్వాత ఏమిటి?

ఈ పద్ధతికి విమర్శకులు లేకపోలేదు, వారి విమర్శలో బలం లేకపోలేదు. ఒక మనిషి ఒక పనిలో కుదురుకున్నాడు. తోటివాళ్ల పేర్లు తెలిశాయి. యజమాని సంతోషంగా ఉన్నాడు. సరిగ్గా అప్పుడే గడువు ముగిసిందని కుర్చీ ఇంకొకరికి ఇవ్వమంటే అది ఏం న్యాయం? కుదురుకోవడమే కష్టమైన జబ్బులో కుదురుకున్నవాణ్ణి కదిలించడమా?

1980 దశకంలో వర్జీనియా రాష్ట్రంలో పాల్ వేమన్ మొదలైనవారు, బుద్ధిమాంద్యం గలవారికి సంవత్సరాల తరబడి శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టడం మాని, ముందు నిజమైన ఉద్యోగంలో చేర్చి అక్కడే నేర్పే పద్ధతిని నిరూపించారు. దీనిని ఆసరా ఉద్యోగం అందాం. 1986లో అమెరికా పునరావాస చట్టానికి చేసిన సవరణలలో దీనికి చోటు దొరికింది. తర్వాత న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో రాబర్ట్ డ్రేక్, డెబొరా బెకర్ అనేవారు దీనిని తీవ్ర మనోవ్యాధులకు అన్వయించారు. వారి పద్ధతిలో ఉద్యోగం వెతకడం వెంటనే మొదలవుతుంది. ఏ ఉద్యోగమన్నది రోగి ఇష్టం. ఆ ఉద్యోగం అతనిదే, గడువు లేదు. ఉద్యోగం వెతికే సహాయకుడు వైద్య బృందంతోనే కూర్చుంటాడు, ఉద్యోగం దొరికిన తర్వాత కూడా తోడుగా ఉంటాడు.

2007లో ఐరోపాలోని ఆరు నగరాలలో 312 మంది రోగులమీద చేసిన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. చీటీలు వేసినట్లు యాదృచ్ఛికంగా రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి ఆసరా ఉద్యోగ పద్ధతి, మరొక వర్గానికి పాత శిక్షణ పద్ధతి ఇచ్చారు. మొదటి వర్గంలో నూటికి 55 మంది, రెండవ వర్గంలో నూటికి 28 మంది ఉద్యోగం చేశారు. పని ఒత్తిడివల్ల జబ్బు తిరగబెడుతుందని పెద్దలు భయపడేవారు కదా. మళ్లీ ఆసుపత్రిలో చేరినవారు మొదటి వర్గంలో నూటికి 20, రెండవ వర్గంలో 31. అంటే భయం నిజం కాలేదు. విద్యార్థులకు ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. ఈ పరిశోధనలో కనీసం ఒక్క రోజు పనిచేసినవారిని కూడా ఉద్యోగం చేసినవారిగానే లెక్కించారు. నూటికి ఇంత అని చదివినప్పుడు దేనిని లెక్కపెట్టారో అడిగి తెలుసుకోవడం విజ్ఞానశాస్త్రంలో మొదటి అలవాటు.

ఈ లెక్క ఎందుకు ముఖ్యమో మరొక పరిశోధన చూపింది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని వూస్టర్ నగరంలో ఒక క్లబ్బును, రోగుల ఇళ్లకు వెళ్లి చికిత్స, ఉద్యోగ సహాయం రెండూ అందించే సంచార బృందాన్ని పోల్చారు. 2006లో వెలువడిన ఫలితాల ప్రకారం ఉద్యోగంలో చేరినవారి సంఖ్యలో రెండింటి మధ్య స్పష్టమైన భేదం తేలలేదు. కాని చేరిన తర్వాత క్లబ్బు సభ్యులు ఎక్కువ రోజులు నిలిచారు, ఎక్కువ సంపాదించారు.

క్లబ్బులు కూడా విమర్శను చెవిని పెట్టాయి. మధ్యంతర ఉద్యోగాన్ని వదులుకోలేదు గాని, దానికి పక్కనే ఆసరా ఉద్యోగాన్ని, ఆ తర్వాత ఏ ఆసరా లేకుండా సభ్యుడు సొంతంగా సంపాదించుకునే ఉద్యోగాన్ని మరి రెండు దారులుగా చేర్చుకున్నాయి. నా అభిప్రాయంలో ఎప్పుడూ ఉద్యోగం ఎరుగని మనిషికి మధ్యంతర ఉద్యోగం ఇంకా మంచిదే. ఒకప్పుడు టైపిస్టుగానో మెకానిక్‌గానో పనిచేసిన మనిషికి అది కాలహరణం. ఇద్దరికీ ఒకే మందు వ్రాయనక్కరలేదు.

చదువు మాట

స్కిజోఫ్రేనియా వంటి జబ్బులు తరచుగా పదిహేడు పద్దెనిమిదేళ్లనుంచి ఇరవై అయిదేళ్లలోపున పైకి వస్తాయి. ఆ వయసు ఏ వయసో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు. ఇంటర్మీడియెట్, డిగ్రీ, వృత్తివిద్య అన్నీ ఆ ఏడెనిమిదేళ్లలోనే జరుగుతాయి. చదువు మధ్యలో తెగినవాడికి ఎంత ఆసరా ఇచ్చినా కాగితాలు పంచే ఉద్యోగమే దొరుకుతుంది.

1980 దశకం ఆరంభంలో బోస్టన్ విశ్వవిద్యాలయంలో కేరన్ ఉంగర్ మొదలైనవారు దీనిమీద కృషి ప్రారంభించారు. మొదట, జబ్బుపడి లేచిన యువతీయువకులకు విశ్వవిద్యాలయపు ఆవరణలోనే వేరే తరగతి పెట్టారు. వారు ఆసుపత్రికి వచ్చే రోగులుగా కాక, కళాశాలకు వచ్చే విద్యార్థులుగా వచ్చారు. క్రమంగా మూడు రకాలు ఏర్పడ్డాయి: వేరే తరగతి, మామూలు తరగతులలో చేరినవారికి కళాశాలలోనే ఉండే సహాయకుడు, విద్యార్థి ఎక్కడ చదివితే అక్కడికి బయటినుంచి వచ్చే సహాయకుడు. క్లబ్బులు మూడవ రకాన్ని ఎక్కువగా ఆదరించాయి. చదువు ఆపినవారిని తిరిగి చేర్పించడానికి తోడు వెళ్లడం, ఫారాలు నింపించడం, సాయంకాలం కూర్చోబెట్టి చదివించడం. చదివించేవారు కూడా చాలాసార్లు సభ్యులే. ఒకప్పుడు గణితం బోధించిన సభ్యుడు ఉంటే, పరీక్షకు పోయేవాడికి అంతకన్న ఏం కావాలి?

ఈ ఆసరా అంటే ఏదో పెద్ద ఏర్పాటు అనుకునేరు. ఏడాదికి ఆరు సబ్జెక్టులకు బదులు రెండు తీసుకోనివ్వడం. తలుపు దగ్గర బెంచీ ఇవ్వడం. మందులవల్ల నోరు ఎండిపోతుంది కనుక పరీక్ష హాలులోకి నీళ్ల సీసా రానివ్వడం. ప్రయోగానికి జత ఇవ్వడం. అంతే.

ఈ సందర్భంలో ఒక సంగతి చెప్పక తప్పదు. కొన్నేళ్ల క్రింద డిగ్రీ రెండవ సంవత్సరంలో నా విద్యార్థి ఒకడు ప్రయోగశాలకు రావడం మానేశాడు. తండ్రి వచ్చి "జ్వరమండీ" అన్నాడు. ఆరు నెలలకు కుర్రవాడు తిరిగి వచ్చినప్పుడు అసలు సంగతి తెలిసింది. మనిషి నెమ్మదిగా ఉన్నాడు, మాట స్పష్టంగా ఉన్నది. చెయ్యి మాత్రం మందులవల్ల కొద్దిగా వణుకుతున్నది. బ్యూరెట్టు కుళాయి తిప్పేటప్పుడు ఒక చుక్క ఎక్కువ పడేది. రంగు ఒక్కసారిగా మారిపోయేది. హాజరు కూడా చాలలేదు. మేము నలుగురు అధ్యాపకులం కూర్చొని ఆలోచించి, "పూర్తిగా నయం చేసుకొని రా నాయనా, తొందరేముంది" అన్నాము. దయతోనే అన్నాము. అతడు మళ్లీ రాలేదు. కుళాయి తిప్పడానికి ఒక జతగాణ్ణి ఇచ్చి, రీడింగు అతనిచేత తీయించి ఉండవచ్చునన్న ఆలోచన మా నలుగురిలో ఒక్కరికీ రాలేదు. వైద్యశాలలవారు చేసిన పొరపాటే తరగతి గదిలో మేమూ చేశామని ఈ చరిత్ర చదివిన తర్వాత గాని నాకు అర్థం కాలేదు.

లాహోరు నుంచి మన చట్టాలవరకు

1965లో ఫౌంటెన్ హౌస్ అదే వీధిలో కొత్త భవనంలోకి మారింది. 1970 దశకం ద్వితీయార్ధంలో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ ఇచ్చిన ధనసహాయంతో ఇతర ఊళ్లవారికి శిక్షణ ఇవ్వడం మొదలైంది. 1971లోనే లాహోరులో డాక్టర్ రషీద్ చౌదరి అదే పేరుతో ఒక సంస్థ నెలకొల్పాడు. మన ఉపఖండంలో ఈ ఆలోచన మొదట వేరూనిన చోటు అది. స్టాక్‌హోం క్లబ్బు 1980లో వచ్చింది. బియర్డ్ 1982లో, తన సహచరులతో కలిసి ఈ పద్ధతిని వివరిస్తూ ఒక వ్యాసం ప్రకటించాడు. 1989లో క్లబ్బులన్నీ కలిసి తమ ప్రమాణాలు వ్రాసుకున్నాయి. 1994లో అంతర్జాతీయ కేంద్రం ఏర్పడింది. 2014లో ఆ కేంద్రానికీ ఫౌంటెన్ హౌస్‌కూ కలిపి కాన్రాడ్ హిల్టన్ మానవసేవా బహుమతి లభించింది. ఈనాడు ముప్పైకి పైగా దేశాలలో మూడువందలకు పైగా క్లబ్బులున్నాయి.

మన దేశంలో ఇటువంటి కృషి వేరే దారులలో నడిచింది. మద్రాసు మానసిక వైద్యశాలకు అధిపతిగా పనిచేసిన డాక్టర్ శారదా మీనన్ 1984లో అదే నగరంలో స్కిజోఫ్రేనియా పరిశోధన సంస్థను ప్రారంభించింది. వైద్యంతోపాటు వృత్తిశిక్షణ, ఉద్యోగం మొదటినుంచీ ఆ సంస్థ పనిలో భాగం. చట్టాలు తర్వాత వచ్చాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మానసిక వ్యాధిని కూడా వైకల్యాలలో చేర్చి, ప్రభుత్వ ఉద్యోగాలలో నూటికి నాలుగు, ప్రభుత్వ, ప్రభుత్వ సహాయ ఉన్నత విద్యాసంస్థలలో నూటికి ఐదు స్థానాలకు తక్కువ కాకుండా వికలాంగులందరికీ కలిపి కేటాయించాలన్నది. 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టం, రోగికి సమాజంలో ఒక భాగంగా జీవించే హక్కు ఉన్నదని చెప్పింది. ఉపాధ్యాయులు ఈ రెండింటినీ ఒకసారి చదివి ఉంచుకోవడం మంచిది. కళాశాలలో చేరే విద్యార్థి తండ్రి మొదట అడిగేది మనలనే.

ఆ కేటాయింపు పొందడానికి నూటికి 40 పాళ్లకు తక్కువ కాని వైకల్యం ఉన్నట్లు ధ్రువపత్రం కావాలి. మానసిక వ్యాధిలో దానిని కొలవడానికి భారత మనోవైద్యుల సంఘం రూపొందించిన కొలబద్ద ఒకటి ఉన్నది. అది నాలుగు విషయాలు చూస్తుంది: తన పనులు తాను చేసుకోవడం, ఇతరులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, ఉద్యోగమో చదువో ఇంటిపనో నిర్వహించడం. ఈ నాలుగవ విషయంలో ఎంత ఎక్కువ లోపం కనిపిస్తే ధ్రువపత్రం అంత సులభంగా దొరుకుతుంది. అంటే ఉద్యోగానికి సహాయం కోరే మనిషి ముందు తాను ఉద్యోగం చేయలేనని వైద్యుని ఎదుట చూపించుకోవాలి. నలభై ఏడవ వీధి ఇంటిలో చేరే సభ్యుణ్ణి అడిగేది, వంటశాలలో పని చేస్తావా, కార్యాలయంలో చేస్తావా అని.